బండి పుస్తకం



మా వీధి చివర ఒక పన్నెండు టైర్ల లారీ ఆగుతుంది. కొని ఏడాదిన్నర అయింది. దాని క్యాబిన్‌ని ఓనరు ఇప్పటిదాకా ఒక్కసారైనా పైకెత్తి చూడలేదు. ఆయన నాకు బావ వరస. మొన్న టీ కొట్టు దగ్గర కలిస్తే అడిగాను, "ఏటి బావా, ఇంజను మొహం ఎప్పుడైనా చూశావా?" అని. "వారంటీలో ఉంది కదా బావా, మనం చెయ్యేస్తే పోద్దంట" అన్నాడు.

ఈ మాట ఆయనొక్కడిదే అయితే మైకు ముందు కూర్చుని చెప్పాల్సిన పని లేదు. లంకెలపాలెం నుంచి షీలానగర్ దాకా హైవే పక్కన బళ్ళు ఆగిన ప్రతి చోటా ఇదే వింటున్నాను. గ్రీజు గన్ను పట్టుకోవడానికి కూడా జంకుతున్న డ్రైవర్లు కనిపిస్తున్నారు. నేను ఒకే ఒక్క లారీకి ఓనర్ని, దానికి డ్రైవర్ని కూడా నేనే. విశాఖ స్టీల్‌ప్లాంటులో వైరు రాడ్ కాయిల్సో కడ్డీలో ఎక్కించుకుని విజయవాడ, హైదరాబాద్ వైపు వెళ్తాను. ప్లాంటు లోడు దొరకని రోజుల్లో పోర్టు నుంచి ఎరువుల బస్తాలు వేసుకుంటాను. నా బండికి ఇంకా వారంటీ నడుస్తోంది. నా బండి పనులు నేనే చేసుకుంటున్నాను. ఈ రెండూ ఒక బండికి ఎంతవరకు కుదురుతాయో, ఎక్కడ కుదరవో నాకు తెలిసినంత చెబుతాను.

మా నాన్నగారికి ఈ ప్రశ్నే ఎదురు కాలేదు. 1954లో టాటావాళ్ళు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ పొత్తు 1969తో అయిపోయినా, మావైపు మాత్రం ఆ తరవాత చాలా ఏళ్ళు 'బెంజి లారీ' అనే అన్నారు. నాన్నగారు నడిపింది 1210. ఆ ఇంజనులో కంటికి కనిపించని భాగం లేదు, పానాకి అందని నట్టు లేదు. ఒక సిలిండరు మిస్సవుతోందని అనుమానం వస్తే, ఇంజను నడుస్తుండగానే ఇంజెక్టరు పైపు నట్లు ఒక్కొక్కటీ కాస్త వదులు చేసేవారు. ఏ నట్టు వదులు చేస్తే ఇంజను చప్పుడు మారదో, ఆ సిలిండరే జబ్బుది. వైద్యుడు నాడి చూసినట్టు చెవితోనే రోగం పట్టేవారు. ఆటోనగర్‌లో ఇప్పటి పెద్ద మేస్త్రీలందరూ ఆ చదువు చదివినవాళ్ళే. ఈ పద్ధతిని మాత్రం దయచేసి కొత్త బండి మీద ఎవరూ ప్రయత్నించకండి. ఎందుకో కాసేపాగి చెబుతాను.

అప్పట్లో వారంటీ అనేది కొద్ది నెలల ముచ్చట. కొత్త బండి వాసన పోయేలోపే అదీ పోయేది. ఇప్పుడలా కాదు. పెద్ద లారీల మీద వారంటీని టాటా మోటార్స్ 2018 జనవరిలో ఆరేళ్ళు చేసింది. మిగతావాళ్ళు కూడా ఏళ్ళు పెంచుకుంటూ వచ్చారు. ఓనరుకి ఇది నిజంగా మేలే, నేను కాదనను. కానీ దీనితోపాటు ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది. ఆరేళ్ళంటే లారీ బతుకులో మంచి వయసంతా. ఆ వయసంతా మనిషి చెయ్యి తగలకుండా గడిచిపోతే, ఏడో ఏట ఆ బండి మనకి ఒక్కసారిగా పరాయిదై కనిపిస్తుంది. ఆ రోజుకి క్యాబిన్ ఎత్తి ఏది ఏమిటో చెప్పగల కుర్రాడు ఇంట్లో ఉండడు.

అసలు వారంటీ అంటే ఏమిటో ముందు ఒక్క ముక్క. తయారీలో లోపం ఉంటే, వాడిన లోహంలో లోపం ఉంటే, కంపెనీ తన ఖర్చుతో బాగు చేస్తానని ఇచ్చిన మాట అది. అరిగిపోయే వస్తువులకి ఆ మాట వర్తించదు. బ్రేకు లైనర్లు, క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, బల్బులు, రబ్బరు సామాను సాధారణంగా మన లెక్కలోకే వస్తాయి. టైర్లు, బ్యాటరీల సంగతి వాటి కంపెనీలే చూసుకుంటాయి. బండిని మంచి స్థితిలో ఉంచుకోవడం మన బాధ్యత అని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. రోజూ చూడవలసినవి, వారానికోసారి చూడవలసినవి అంటూ ఓనర్స్ మాన్యువల్‌లో పట్టికలు ఉంటాయి. అంటే బండి ముట్టుకోవద్దని కంపెనీ అనలేదు. ముట్టుకోకపోతే తప్పు మనదే అవుతుంది.

మన ఊరి గాలిని గుర్తు పెట్టుకోండి. ఒక పక్క సముద్రం. ఇంకో పక్క పోర్టు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. ఇంత చెమ్మ, ఇంత ధూళి కలిసి ఉన్న ఊళ్ళో ఎక్కడో తయారైన మాన్యువల్‌లోని గడువులు ఉన్నవి ఉన్నట్టు సరిపోవు. దుమ్ములో తిరిగే బళ్ళకి గడువులు తగ్గించమని ఆ మాన్యువల్‌లోనే ఒక చిన్న గమనిక ఉంటుంది, ఎవరూ చదవరు. ఇంకొకటి. పోర్టు గేటు దగ్గర క్యూలో ఇంజను ఆపకుండా నాలుగు గంటలు నిలబెడితే మీటరు మీద కిలోమీటర్లు తిరగవు. ఆయిలు మాత్రం కాలుతూనే ఉంటుంది. పోర్టుకీ ప్లాంటుకీ మధ్య తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క సరైన లెక్క కాదు, గంటలు చూసుకోవాలి.

ఇక నేను చేసే పనుల్లోకి వస్తాను. అన్నిటికన్నా ముందు డీజిలులో నీళ్ళు. మన చెమ్మగాలికి రాత్రి సగం ఖాళీగా ఉన్న టాంకులో ఆవిరి చేరి, తెల్లారేసరికి నీటి చుక్కలై అడుగుకి దిగుతుంది. అందుకే సాయంత్రం బండి నిలిపే ముందే టాంకు నింపుతాను. ఫిల్టరు కింద వాటర్ సెపరేటరు గిన్నె ఉంటుంది. దాని అడుగున చిన్న కాకు. వారానికి రెండుసార్లు దాన్ని వదులు చేసి, ఒక గాజు సీసాలోకి పడతాను. సీసా ఎందుకంటే, డీజిలు పైకి తేలి నీళ్ళు అడుగున నిలబడతాయి, ఎంత ఉన్నాయో కంటికి కనబడుతుంది. అయిదు నిమిషాల పని. ఈ నీళ్ళే ఇంజెక్టరు దాకా వెళితే ఒక్కో ఇంజెక్టరు ఖరీదు ఎంతో ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. పైగా నీళ్ళ వల్ల పాడైన ఇంజెక్టరుకి వారంటీ అడిగితే, అది డీజిలు తప్పు, మా తప్పు కాదంటారు. ఆ మాట వాళ్ళు అంటే నేను తప్పు పట్టను.

ఫిల్టరు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. పాతకాలం అలవాటు కొద్దీ కొత్త ఫిల్టరు నిండా డబ్బాలోంచి డీజిలు పోసి బిగిస్తారు, ఇంజను త్వరగా స్టార్టు అవుతుందని. మీరు పోసిన ఆ డీజిలు వడకట్టినది కాదు. అందులో నలుసు ఉంటే నేరుగా పంపులోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది. ఖాళీగానే బిగించి, చేతి పంపుతో కొట్టాలి. చెయ్యి నొప్పెడుతుంది, కొట్టాల్సిందే.

ఎయిర్ ఫిల్టరు దగ్గర మన అలవాటు దీనికి సరిగ్గా ఎదురు. అతిగా శుభ్రం చేస్తాం. బయటికి తీసి టైరుకేసి కొడతాం, కంప్రెసర్ గాలి పెట్టి ఊదుతాం. కాగితం మడతలు చిరుగుతాయి, కంటికి కనిపించవు. అంత సన్నని దుమ్ము ఇంజనులోకి వెళ్ళి పిస్టన్ రింగుల్ని గరుకు కాగితంలా గీకేస్తుంది. క్లెయిము చూడడానికి వచ్చిన ఇంజనీరు మొదట చేసే పని ఏమిటో తెలుసా? ఫిల్టరు దాటాక ఉండే గొట్టం విప్పి, లోపల వేలితో రాస్తాడు. వేలికి దుమ్ము అంటిందంటే ఆ క్లెయిము అక్కడితో సరి. చాలా బళ్ళకి ఫిల్టరు ఎంత పూడిందో చూపించే ఇండికేటరు ఉంటుంది. అది ఎర్రగా వచ్చేదాకా ఫిల్టరు జోలికి వెళ్ళకండి, వచ్చాక మార్చేయండి. లోపలి చిన్న ఫిల్టరుని కడగడం, ఊదడం ఎప్పుడూ వద్దు.

గాలి టాంకుల అడుగున రింగు ఉంటుంది, లాగితే నీళ్ళు పోతాయి. రోజూ లాగండి. ఎయిర్ డ్రయ్యరు ఉన్న బండిలో నీళ్ళు అసలు రాకూడదు. వస్తున్నాయంటే డ్రయ్యరు అయిపోయిందని అర్థం. నిప్పిలు ఉన్న ప్రతి చోటా నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా గన్ను కొట్టాలి: కింగ్‌పిన్నులు, కమాన్‌కట్టల పిన్నులు, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు. టైరు విప్పి బిగించాక యాభై వంద కిలోమీటర్లకి మళ్ళీ ఒకసారి నట్లు బిగించాలి. కూలెంటు చల్లారాకే చూడాలి, ఒక రంగుదానిలో ఇంకో రంగుది కలపకూడదు, బోరు నీళ్ళు అస్సలు పొయ్యకూడదు. ఇవన్నీ మీకు తెలుసు. తెలిసి చేయనివి కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు చెయ్యి పెట్టకూడని చోట్లు. ఆ ఇంజెక్టరు పైపుల మాట దగ్గర ఆగాను కదా. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బళ్ళే అమ్మాలి. ఈ కామన్ రైలు ఇంజన్లలో డీజిలు ఒత్తిడి 1,600 బార్లు, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది. కారు టైరులో గాలి రెండు బార్లకి కాస్త పైన, అంతే. నడుస్తున్న ఇంజనులో ఆ నట్టు వదులు చేస్తే వచ్చే డీజిలు ధార చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి చూస్తే సూది గుచ్చినంత గాయం. లోపల మాత్రం చేతినే తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం. నాన్నగారి విద్య నాకు ప్రాణం. కానీ ఈ ఒక్కచోట ఆ విద్యని పక్కన పెట్టి, స్కానరు పెట్టి చూడమని అడగడమే మర్యాద.

రెండోది వెల్డింగు. గాజువాకలో వెల్డింగు చేయించని లారీ ఉంటుందా? బాడీ యాంగిల్ విరిగిందనో, హుక్కు ఊడిందనో బండి షెడ్డుకి తోలడం, అయిదు నిమిషాల్లో టాకాలు వేయించుకోవడం. కొత్త బండిలో ఇంజనుకి, బ్రేకులకి, పొగ శుద్ధి సామానుకి విడివిడిగా కంప్యూటర్లు (ఈసీయూలు) ఉన్నాయి. బ్యాటరీ తీగలు విప్పకుండా ఛాసిస్ మీద వెల్డింగు పెడితే ఆ కరెంటు వాటి గుండా పోవచ్చు. బ్యాటరీ టెర్మినల్స్ రెండూ విప్పించండి. మాన్యువల్ చెబితే ఈసీయూ కనెక్టరు కూడా ఊడదీయించండి. ఎర్తు క్లాంపుని వెల్డింగు చేసే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టించండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాలుస్తుంది. మేస్త్రీ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. అలాగే హారన్ల కోసం, రంగు లైట్ల కోసం వైరింగు కోయించకండి. లోపం ఎక్కడ వచ్చినా ఆ కోసిన తీగనే చూపిస్తారు.

మూడోది యూరియా. బీఎస్-6 బండికి డీజిలుతోపాటు డెఫ్ పొయ్యాలి. మన డ్రైవర్లు దాన్ని యూరియా అనే అంటారు. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడులను విరిచి మామూలు నైట్రోజనుగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. పోర్టు నుంచి ఎరువుల బస్తాలు తోలే మాలాంటివాళ్ళకి ఇక్కడ ఒక ఆలోచన వస్తుంది: వెనకాల బస్తాల నిండా యూరియానే ఉంది కదా, నీళ్ళలో కలిపి పోస్తే పోలేదా? పోతుంది, బండే పోతుంది. పొలం యూరియాలో బైయూరెట్ అనే పదార్థం 1.5 శాతం దాకా ఉండొచ్చు. డెఫ్‌లో 0.3 శాతం మించకూడదు. పైగా 2015 నుంచి మన దేశంలో పొలం యూరియాకి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, ఆ మలినాలు, మన కుళాయి నీటిలోని సున్నం అన్నీ కలిసి ఇంజెక్టరునీ, లోపలి క్యాటలిస్టునీ పూడ్చేస్తాయి. అది రైతు కోసం ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చిన బస్తా అన్నది వేరే మాట. నాకైతే అదే ముందు మాట. సెన్సార్లని మోసం చేసే పెట్టెలు కొన్నిచోట్ల రహస్యంగా అమ్ముతారు, డెఫ్ ఖర్చు తగ్గుతుందని. కొనకండి. వారంటీ పోవడం సంగతి అటుంచితే, ఆ పొగ పీల్చేది మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక పిల్లలే. ఇప్పటికే వాళ్ళు పీలుస్తున్న దుమ్ము చాలు.

సైలెన్సరు దగ్గర మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు గురించి కూడా ఒక మాట. చిన్న ట్రిప్పులు తిరిగే బండిలో పొగకి తగినంత వేడి అందక మసి పేరుకుంటుంది. లైటు వెలిగితే మాన్యువల్‌లో చెప్పినట్టు బండి నిలిపి ఆ మసిని కాల్పించాలి. ఎండుగడ్డి, బొగ్గు కుప్పలు, పత్తి లోడు దగ్గర్లో లేని చోట నిలపండి, సైలెన్సరు విపరీతంగా కాలుతుంది. ఇంకో సంగతి, మసి కాలుతుంది గాని బూడిద కాలదు. ఆయిలు కాలితే మిగిలేది బూడిద. అందుకే ఈ బళ్ళకి తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పొయ్యమని రాస్తారు. సీకే-4 వంటి గ్రేడు పేరు మీ మాన్యువల్‌లో ఉంటుంది. డబ్బా మీద అదే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. నాన్నగారి కాలంలో ఆయిలు అంటే ఆయిలే.

ఆయిలు మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్పేస్తాను.

బండి కొన్న రెండో ఏడు. తుని దాటి అన్నవరం వైపు వెళ్తుండగా ఇంజను దగ్గర ఈల వేసినట్టు చప్పుడు. కాసేపటికి నీలం పొగ, తరవాత గేరు మార్చినా లాగదు. టర్బో పోయింది. వారంటీ ఉందన్న ధైర్యంతో బండిని లాగించుకుని సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. వాళ్ళు మొదట అడిగిన ప్రశ్న: "మధ్యలో ఆయిలు మార్చారా?" మార్చాను. మన పోర్టు క్యూల లెక్క వేసుకుని, గడువు కన్నా ముందే నేనే మార్చుకున్నాను. గ్రేడు సరైనదే, డబ్బా సీలు నేనే తీశాను, ఫిల్టరు కూడా కంపెనీదే. బండికి మంచి చేశాననే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. "బిల్లు చూపించండి" అన్నారు. బిల్లు లేదు. తెలిసిన షాపు, డబ్బులిచ్చి డబ్బా పట్టుకొచ్చాను. పాత ఫిల్టరు పారేశాను. ఏ తేదీన, ఏ కిలోమీటరు దగ్గర మార్చానో నా నోటి మాట తప్ప ఇంకే ఆధారం లేదు. టర్బో నిమిషానికి లక్ష చుట్లకి దగ్గరగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది. దాన్ని నిలబెట్టేది ఆయిలు పొర ఒక్కటే. ఆ ఆయిలు ఏదో రుజువు చేయలేనప్పుడు వాళ్ళు క్లెయిము కొట్టేశారు. మూడు నెలల వాయిదాల డబ్బు ఆ టర్బోకి పెట్టాను. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు.

మా బాబాయి స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు మనిషి. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆయన గోదావరి దగ్గర చేసి రిటైరయ్యాడు. నా గోడు అంతా విని ఒకటే అడిగాడు. "లాగ్ బుక్కు లేదేట్రా నీ బండికి?" లేదన్నాను. "మేము షిఫ్టు దిగేటప్పుడు ఏ వాల్వు ఎప్పుడు ముట్టుకున్నామో రాయకుండా దిగేవాళ్ళం కాదు. పొయ్యికి ఏమైనా అయితే, ముందు షిఫ్టువాడు ఏం చేశాడో తెలియకపోతే ఎలా?" అన్నాడు. మర్నాడు గాజువాక మార్కెట్లో అట్ట గట్టిగా ఉన్న రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని ఆయనే తెచ్చిచ్చాడు.

అప్పటి నుంచి రాస్తున్నాను. తేదీ, కిలోమీటరు, చేసిన పని, పోసిన ఆయిలు గ్రేడు, ఎన్ని లీటర్లు, డబ్బా మీద బ్యాచి నంబరు. కూలెంటు ఎంత తగ్గిందో, సెపరేటరులో ఎంత నీరు వచ్చిందో. పని మొదలుపెట్టే ముందు మీటరు ఫోటో, పని అయ్యాక పాత ఫిల్టరు, కొత్త ఫిల్టరు పక్కపక్కన పెట్టి ఇంకో ఫోటో. బిల్లు మీద బండి నంబరు రాయిస్తాను. ఉచిత సర్వీసులూ, కంపెనీ చెప్పిన గడువు సర్వీసులూ మాత్రం ఆథరైజ్డు సెంటర్లోనే చేయించి జాబ్ కార్డు తెచ్చుకుంటాను. కొన్ని మోడళ్ళకి ఇప్పుడు ఆయిలు మార్పు యాభై వేల కిలోమీటర్లు దాటాక గాని రాదు, కాబట్టి అది ఏడాదికి రెండు మూడు సార్ల మాటే. మిగతా రోజులన్నీ నావి.

క్లెయిముల కోసం మొదలుపెట్టిన పుస్తకం నాకు ఇంకో మేలు చేసింది. పోయిన ఏడు వేసవిలో వెనక్కి తిప్పి చూస్తుంటే కూలెంటు పది రోజులకో లీటరు చొప్పున తగ్గుతోంది. బండి కింద ఒక్క చుక్క లేదు, రేడియేటరు పొడిగా ఉంది, ఇంజను వేడెక్కడం లేదు. పుస్తకమే లేకపోతే ఎండకి ఆవిరైందనుకుని పోసుకుంటూ పోయేవాణ్ణి. రాసిన నాలుగు పేజీలు పట్టుకుని సర్వీసు సెంటరుకి వెళ్ళాను. ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే పొగని చల్లార్చే ఈజీఆర్ కూలరు లోపల చీలిక. కూలెంటు పొగతో కలిసి పోతోంది. ఈసారి వారంటీలోనే మార్చారు. అదే వారంటీ అయ్యాక బయటపడి ఉంటే? రోజూ చూసేవాడే లోపాన్ని మొదట కనిపెడతాడు. క్యాబిన్ ఎత్తని మా బావకి ఆ చీలిక కనబడేది వారంటీ పోయాకే.

చట్టం మాట. చాలామంది మనవాళ్ళు లారీ అంటే వ్యాపారం, వినియోగదారుల కోర్టు మనకి వర్తించదనుకుంటారు. ఒకే బండి పెట్టుకుని తన చేత్తో నడుపుకునేవాడికి వర్తిస్తుంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణల్లోనే లారీ ఉంది: సరుకు రవాణాకి తానే నడుపుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు. బండిని పూర్తిగా జీతపు డ్రైవరుకే అప్పగించేస్తే మాత్రం పోతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కూడా స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం కొన్నవాళ్ళకి ఆ మినహాయింపు ఉంది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనుకే వెళ్ళొచ్చు, మీరు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. అంతదాకా పోకముందు 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు రాయించొచ్చు.

బయట షెడ్డులో చేయిస్తే వారంటీ పూర్తిగా రద్దు అనే షరతు గురించి కూడా ఒక ఆర్డరు ఉంది. ఒకాయన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది. వాటిలో టాటా, మహీంద్రా కూడా ఉన్నాయి. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం కొట్టేయకూడదని, ఆ రిపేరు వల్ల చెడిన మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. అపీళ్ళు ఏళ్ళ తరబడి సాగాయి. అది కార్ల కేసు, లారీల కేసు కాదు. అమెరికాలో 1975లోనే వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం కూడా ఇంటి వాడకపు వస్తువులకే. మన కేంద్రం 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి. లారీవాడి కోసం సూటిగా రాసిన మాట ఇంకా రావాలి, రావాలనే నేను కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా మీ వారంటీ పుస్తకంలో ఏ షరతు ఉందో మీరే చదవండి. చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోండి. క్లెయిము కొట్టేస్తే నోటి మాటతో తిరిగి రాకండి, కారణం కాగితం మీద రాసివ్వమనండి. రాయాల్సి వచ్చేసరికి కొందరు మళ్ళీ పరీక్షిస్తామంటారు.

పుస్తకం ఎక్కడ పెట్టాలనేది నేను నేర్చుకున్న చివరి సంగతి. మొదట్లో క్యాబిన్ డాష్‌బోర్డులో పెట్టేవాణ్ణి. మే నెల ఎండకి బిల్లుల మీద అక్షరాలు మాయమైపోయాయి. షాపుల్లో మిషను కొట్టిచ్చే ఆ నున్నటి కాగితం వేడికి తట్టుకోదు. ఇప్పుడు పుస్తకం, బిల్లులు ఇంట్లో ఇన్సూరెన్సు కాగితాలతో ఉంటాయి, బండిలో ఉండేది చిత్తు పుస్తకం. ట్రిప్పు నుంచి వచ్చిన ఆదివారం మా అమ్మాయి కూర్చుని చిత్తులోంచి పెద్ద పుస్తకంలోకి ఎక్కిస్తుంది, బిల్లులు ఒక్కొక్కటీ ఫోనులో ఫోటో తీసి తేదీల వారీగా పెడుతుంది. పోయిన ఆదివారం ఒక ఫిల్టరు బిల్లు పక్కకి తీసి పెట్టి, "నాన్నా, దీని మీద బండి నంబరు లేదు" అంది. సోమవారం పొద్దున్న లోడుకి వెళ్ళే ముందు ఆటోనగర్ వైపు బండి తిప్పి, ఆ షాపాయన చేత నంబరు రాయించి, సంతకం, స్టాంపు వేయించుకుని వెళ్ళాను.